తెలుపులోని వన్నెలు

తెల్లని జంతువును చిత్రించుటకు తెల్లరంగు చాలునని చిత్రకళ నభ్యసించు బాలురు తలంతురు. కాని తెల్లని గోడపై తెల్లరంగు మాత్రమే పూసి హంసను వ్రాసినచో అది కంటికి కనబడదు. తైలవర్ణములతో ఈ చిక్కును విప్పి చూపినవాడు జాన్ బాప్తిస్త్ ఊద్రీ.

ఊద్రీ 1686లో పారిస్ నగరమున జన్మించెను. తండ్రియు చిత్రకారుడే. యౌవనమున ఊద్రీ, లార్జిలియేర్ అను ప్రసిద్ధ చిత్రకారునికి శిష్యుడయ్యెను. ఒకనాడు గురువు పూలగుత్తిని చిత్రింపుమనెను. శిష్యుడు వన్నెవన్నెల పూలు ఏర్చి తెచ్చెను. గురువు వానిని కాదని, తెల్లని పూలనే కోరి, లేతవన్నె నేపథ్యమున నిలిపెను. నీడవైపున ఆ పూలు నేపథ్యముకంటె ముదురుగా తోచెను. వెలుగు సోకిన వైపునను రంగులపలకపైనున్న అచ్చపు తెలుపంత తెల్లగా లేవు. అచ్చపు తెలుపు కొలది మెరుపులకు మాత్రమే తగునని శిష్యుడు కన్నులార గ్రహించెను.

ఊద్రీ 1719లో రాజకళాపరిషత్తున సభ్యుడయ్యెను. పదునైదవ లూయీ రాజు వేటలను, వేటకుక్కలను చిత్రించి మన్ననలందెను. 1734లో బోవే పట్టణపు చిత్రవస్త్ర కర్మాగారమునకు నిర్వాహకుడయ్యెను. ఇంత కీర్తి వచ్చినను చిన్ననాటి పాఠమును మరువలేదు. 1749లో, తన అరువదిమూడవయేట, వర్ణములను గూర్చి పరిషత్తున ఉపన్యసించుచు పూలగుత్తి వృత్తాంతమును చెప్పి, తన నేర్పు గురువు పెట్టిన భిక్షయని నిండుసభలో ఒప్పుకొనెను.

ఆ పాఠమునకు ఫలము 1753నాటి ‘తెల్ల బాతు’ చిత్రము. తెల్లని గోడమీద, కాలికి త్రాడుకట్టి తలక్రిందుగా వ్రేలాడదీసిన తెల్లని బాతు. దాని దిగువ తెల్లని తుండుగుడ్డ, పింగాణిగిన్నెలో మీగడ, క్రొవ్వొత్తి, వెండిదీపస్తంభము, కాగితము. అన్నియు తెల్లనివే; ఏ రెండు తెలుపులును ఒక్కటి కావు. ఈకలది మెత్తని తెలుపు, పింగాణిది నున్నని తెలుపు, వెండిది తళుకు. గోడపై పడిన నీడయే బాతును గోడనుండి వేరుచేయుచున్నది.

రెండేండ్లకు, 1755లో, ఊద్రీ బోవేలో మరణించెను. ఆ చిత్రము 1992లో ఇంగ్లండులోని హౌటన్ భవనమునుండి అపహృతమయ్యెను. దొంగలు పటమును కొనిపోయిరి. గురువు శిష్యునికిచ్చిన పాఠము మాత్రము ఆ ఉపన్యాసమున నిలిచియున్నది. విద్యాధనము చోరులు హరింపలేనిదని పెద్దలు చెప్పుట ఇందుకే.