సముద్రం లేని ఊళ్లో పుట్టి.. కెరటాల వెంట నడిచి..

మీది మదనపల్లె అయినా, పుంగనూరు అయినా, కుప్పం అయినా సముద్రం మీకు ఎప్పుడో ఒకసారి కనిపించే దూరపు చుట్టమే. ఈ మూడు ఊళ్లలో దేని నుంచి బయల్దేరినా రోడ్డు దారిన 200 కిలోమీటర్లకు పైగా వెళ్తే తప్ప కెరటం కంటపడదు. తిరుపతి వెళ్లి అటు నుంచి చెన్నైకో, కుప్పంలో రైలెక్కి నేరుగా చెన్నైకో వెళ్లినప్పుడు, పిల్లలు మారాం చేస్తే ఓ సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్తారు. పాదాలు తడుపుకొని, ఫొటోలు దిగి, బజ్జీలు తిని వచ్చేస్తారు. అంతటితో సరి.

కానీ దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలోనే పుట్టిన ఒక మనిషి తన జీవితాన్ని సముద్రంతో ముడివేసుకున్నారు. ఆయన బతుకు మలుపు తిరిగింది సముద్రపు ఒడ్డునే. తోడబుట్టినవాడు పోయాడన్న కబురు అందింది సముద్రం మీదే. పుట్టిన దేశంలో చివరిసారి నడిచిందీ సముద్రం పక్కనే. ఆయన పేరు మీకు తెలుసు. జిడ్డు కృష్ణమూర్తి. ఆయన తత్వం గురించి చాలామంది రాశారు. ఈ వారం మనం ఆయన ఒంటి గురించి, దాన్ని ఆయన చూసుకున్న తీరు గురించి చెప్పుకుందాం. ఎందుకంటే చిన్నప్పుడు ఆయనను చూసిన వాళ్లెవరూ ఈ పిల్లవాడు 90 ఏళ్లు బతుకుతాడని అనుకుని ఉండరు.

బక్కపలచని పిల్లవాడు

1895 మే నెలలో మదనపల్లెలోని ఓ చిన్న ఇంట్లో, పూజగదిలో పుట్టారు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్యది రెవెన్యూ శాఖలో ఉద్యోగం. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టుకున్నారు. తండ్రికి బదిలీలు. కడపలో ఉండగా పిల్లవాడికి మలేరియా పట్టుకుంది. ఒకసారి వచ్చి పోయే జ్వరం కాదది. ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉంది. బడికి వెళ్లే రోజులకంటే మంచం మీద ఉన్న రోజులే ఎక్కువన్నట్టు గడిచిన కాలం కూడా ఉంది. చదువులో వెనకబడ్డాడు. పరధ్యానం. మాస్టార్ల చేత దెబ్బలు. పదేళ్ల వయసులో, 1905లో, తల్లి పోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మాటిమాటికీ జ్వరం వచ్చే పిల్లవాడు చదువులో మందకొడిగా కనిపిస్తే, వాడు మొద్దు అనుకోవడం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. మలేరియా తిరగబెట్టినకొద్దీ రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గిన పిల్లలకు నీరసం, నిద్రమత్తు, ధ్యాస నిలవకపోవడం మామూలే. మీ ఇంట్లోనూ అలాంటి పిల్లలుంటే బెత్తం వెతికే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

అడయారు తీరాన

1907 చివర్లో రిటైరైన నారాయణయ్య, 1909లో కొడుకులను వెంటబెట్టుకొని మద్రాసులోని అడయారుకు చేరారు. అక్కడి దివ్యజ్ఞాన సమాజంలో చిన్న ఉద్యోగం. ఆవరణ బయట పాతబడ్డ ఇంట్లో కాపురం. అడయారు నది సముద్రంలో కలిసే చోటు అది. సమాజంలో పనిచేసే కుర్రకారు సాయంత్రాలు సముద్ర స్నానానికి, ఈతకు వెళ్లేవారు. చుట్టుపక్కల పిల్లలు అక్కడే ఇసుకలో, నీళ్లలో ఆడుకునేవారు. వాళ్లలో కృష్ణమూర్తి, తమ్ముడు నిత్యానంద కూడా ఉన్నారు. సమాజంలో పెద్దవాడైన లెడ్‌బీటర్ కంట ఈ పిల్లవాడు పడింది ఆ తీరంలోనే. ఇతడే రాబోయే జగద్గురువని ఆయన తేల్చేశారు. అనీబిసెంట్ అన్నదమ్ములిద్దరినీ చేరదీశారు. తర్వాత తండ్రికీ, బిసెంట్‌కూ మధ్య కోర్టు వ్యాజ్యం కూడా నడిచింది.

ఆ నమ్మకం సంగతి పక్కన పెట్టండి. ఆరోగ్యం వరకే చూస్తే ఆ పిల్లల దినచర్య మాత్రం ఒక్కసారిగా మారిపోయింది. తెల్లవారకముందే లేవడం, శుభ్రత, వేళకు తిండి, సైకిలు, టెన్నిస్, ఈత. జ్వరాలతో నీరసించిన ఒంటికి తొలిసారి ఎండ, గాలి, ఆట దొరికాయి. 1911లో అన్నదమ్ములు ఓడెక్కి ఇంగ్లండు వెళ్లేనాటికి ఆ పిల్లలను గుర్తుపట్టడం కష్టమయ్యేంత మార్పు వచ్చింది.

ఓడ మీద అందిన కబురు

నిత్యానందకు క్షయ సోకింది. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నది 1943లో. అంతకుముందు వైద్యులు చెప్పగలిగింది ఒక్కటే: పొడిగాలి ఉన్న చోటికి వెళ్లి, మంచి తిండి తిని, విశ్రాంతి తీసుకోండి అని. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వెలిసిందీ ఆ పొడిగాలి కోసమే. దక్షిణాది నలుమూలల నుంచి రోగులు అక్కడికి వచ్చేవారు. అన్నదమ్ములు మాత్రం 1922లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓహై లోయకు చేరారు. ఎత్తైన మదనపల్లె గాలి వదిలి వెళ్లిన పిల్లలు, అలాంటి పొడిగాలి కోసమే ప్రపంచానికి అటు చివరిదాకా వెళ్లారన్నమాట.

1925 నవంబరులో కృష్ణమూర్తి ఇండియాకు ఓడలో వస్తున్నారు. నిత్య ఓహైలోనే ఉండిపోయాడు. తమ్ముడికి ఏమీ కాదని పెద్దలంతా భరోసా ఇచ్చారు. ఓడ సూయజ్ కాలువ దగ్గరికి వచ్చిన రాత్రి తంతి అందింది. నవంబరు 13న నిత్య కన్నుమూశాడు. 27 ఏళ్ల వయసు. చుట్టూ నీళ్లు, దిగడానికి లేదు, తిరిగి వెళ్లడానికి లేదు. కొలంబో చేరేదాకా రోజుల తరబడి ఆ ఓడ మీదే ఉండాలి. మొదటి రోజుల్లో ఆయన రాత్రుళ్లు తమ్ముణ్ని పిలుస్తూ ఏడ్చారు. పగలు మౌనంగా సముద్రాన్ని చూస్తూ కూర్చున్నారు. ఓడ దిగేనాటికి ఆయన మొహంలో ఏదో కుదుటపడింది. అప్పటిదాకా అందరూ చెప్పిన నమ్మకాలన్నీ ఆ ప్రయాణంలోనే బీటలు వారాయి. నాలుగేళ్ల తర్వాత, 1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమెన్‌లో మూడు వేల మంది ఎదుట తనకోసం కట్టిన సంస్థనే రద్దు చేశారు.

దుఃఖాన్ని తోసేయకుండా, దాంతో కొన్నాళ్లు కూర్చోవడం అందరికీ ఓడ మీద కుదరదు. కానీ ఆత్మీయులు పోయినప్పుడు ఏడవనివ్వండి. మగవాడివి ఏడవకూడదనే మాట ఇకనైనా మానండి. వారాలు గడిచినా నిద్ర, తిండి, పని గాడిన పడకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఆసనాలు, నడక, మౌనం

ఆ తర్వాత అరవై ఏళ్లు ఆయన దేశదేశాలు తిరిగారు. ఒళ్లు గట్టిదేమీ కాదు. 1946లో ఓహైలో మూత్రపిండాల జబ్బుతో నెలల తరబడి మంచం పట్టారు. ఊపిరితిత్తుల్లో కఫం చేరి బ్రాంకైటిస్ తరచూ వేధించేది. గడ్డి పూసే కాలంలో తుమ్ములు, జలుబు. 1977లో ప్రొస్టేట్ ఆపరేషన్ జరిగింది. అయినా దినచర్య మాత్రం తప్పలేదు. పొద్దున ఆసనాలు, ప్రాణాయామం. కొంతకాలం బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర, తర్వాత టి.కె.వి. దేశికాచార్ దగ్గర నేర్చుకున్నారు. అది ఒంటి కోసమే తప్ప మోక్షానికి మెట్టు కాదన్నది ఆయన స్పష్టత. శాకాహారం. పొగ, మద్యం లేవు. మధ్యాహ్నం భోజనం తర్వాత విశ్రాంతి. సాయంత్రం నడక.

ఆ నడక నెమ్మదిగా సాగే షికారు కాదు. పక్కన నడిచే చిన్నవాళ్లకు ఆయాసం వచ్చేంత వేగం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి వచ్చినప్పుడు ఆ లోయలో, కొండల మధ్య నడిచేవారు. కాలిఫోర్నియాలో మాలిబులో ఉన్నన్నాళ్లు పసిఫిక్ ఒడ్డున. మద్రాసు వస్తే, వసంత విహార్‌లో బస చేసి అడయారు తీరాన. దివ్యజ్ఞాన సమాజాన్ని వదిలి వెళ్లాక దశాబ్దాల పాటు ఆయన ఆ ఆవరణలో అడుగుపెట్టలేదు. 1980లో మళ్లీ ఆ గేటు దాటారు. ఆ తర్వాత మద్రాసులో ఉన్నప్పుడల్లా సాయంత్రాలు ఆ ఆవరణ గుండా వెళ్లి, పద్నాలుగేళ్లప్పుడు తాను ఆడుకున్న ఇసుక మీదే నడిచారు.

ఇసుకలో ఏముంది?

గట్టి నేల మీద నడకకంటే పొడి ఇసుకలో నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. అడుగు వేసినప్పుడల్లా ఇసుక జారుతుంది. దాన్ని సర్దుకోవడానికి పిక్కలు, మడమలు, పాదాల్లోని చిన్న కండరాలు అదనంగా పనిచేస్తాయి. కీళ్ల మీద పడే అదురు మాత్రం తగ్గుతుంది. కెరటం తడిపి వెళ్లిన గట్టి ఇసుక మొదలుపెట్టేవాళ్లకు సులువు.

ఇక నీళ్లలోకి దిగితే అది మరో లోకం. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో ఎక్కువ భాగం నీరే మోస్తుంది. అందుకే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కూడా నీళ్లలో వ్యాయామం పనికొస్తుంది. సముద్రపు నీరు ఉప్పు వల్ల మరికాస్త చిక్కన. తేలడం తేలిక. ఈతలో చేతులు, భుజాలు, వీపు, నడుము, కాళ్లు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఊపిరి లయలో పడుతుంది. నీటి దగ్గర గడిపితే మనసు తేలికపడుతుందని పరిశోధకులు కూడా గమనించారు.

అయితే మన బంగాళాఖాతం స్విమ్మింగ్ పూల్ కాదు. ఒడ్డుకు వచ్చిన నీరు ఒకచోట పాయలా తిరిగి లోపలికి లాగుతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసిపోతారు. తీరానికి పక్కవాటుగా ఈది ఆ పాయ దాటి, అప్పుడు ఒడ్డుకు రండి. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా లైఫ్‌గార్డు లేని చోట, ఒంటరిగా, చీకటి పడ్డాక దిగకూడదు.

మరి మన ఊళ్లో?

సముద్రం దూరమే. కానీ చెరువులు, కుంటలు, వ్యవసాయ బావులు మన పక్కనే ఉన్నాయి. ఒకప్పుడు నడుముకు తాడు కట్టి, వీపున ఖాళీ క్యాను కట్టి, తాతలో మేనమామలో పిల్లలకు బావిలో ఈత నేర్పేవారు. ఇప్పుడు నేర్పేవాళ్లు తగ్గారు, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో సరదాగా దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు మీరూ చదువుతూనే ఉన్నారు. మట్టి తవ్వేసిన చెరువుల్లో అడుగు లోతు, ఆ పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది.

- పిల్లలకు ఈత నేర్పించండి. ఆడపిల్లలకు కూడా. నేర్పేవాళ్లు పక్కన ఉన్నప్పుడే దింపండి.
- గుండె జబ్బు, మూర్ఛ, చెవి కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే నీళ్లలోకి దిగాలి.
- వారంలో 150 నిమిషాలు చురుకైన నడక పెట్టుకోండి. చెరువుగట్టు అయినా, స్కూలు గ్రౌండు అయినా ఫర్వాలేదు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లండి.
- షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఇసుకలో ఉత్తకాళ్లతో నడవకండి. కాలినా, గుచ్చుకున్నా తెలియదు.

చివరి నడక

1985 చివర్లో ఆయన రిషివ్యాలీకి వచ్చారు. బరువు తగ్గిపోతోంది, ఒంట్లో సత్తువ లేదు. అయినా మద్రాసు వెళ్లి, 1986 జనవరి 4న ఆఖరి ప్రసంగం చేశారు. జనవరి 10 సాయంత్రం అడయారు తీరాన చివరిసారి నడిచి, ఆ రాత్రే విమానమెక్కారు. ఓహైలో పరీక్షలు చేస్తే క్లోమగ్రంథి క్యాన్సర్ అని తేలింది. ఫిబ్రవరి 17న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన అస్థికల్లో కొంత భాగాన్ని అడయారు దగ్గర సముద్రంలో కలిపారు.

ఎంత నడిచినా, ఎంత నియమంగా తిన్నా జబ్బు రాదని హామీ లేదు. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, పైకడుపులో నొప్పి వదలకుండా ఉంటే, కళ్లు పచ్చబడితే వయసని సరిపెట్టుకోకండి, వెంటనే చూపించుకోండి. నడక మనకిచ్చేది చావులేని ఒళ్లు కాదు. చివరి నెలదాకా తన కాళ్ల మీద తాను నిలబడగలిగే ఒళ్లు. జ్వరాలతో మూలిగిన మదనపల్లె పిల్లవాడికి అది దక్కింది.

ఈసారి చెన్నై వెళ్తే ఫొటో తర్వాత ఓ అరగంట ఆగండి. చెప్పులు చేత పట్టుకొని, తడి ఇసుక మీద, మాటలు లేకుండా నడవండి. తిరిగి వచ్చాక, మర్నాడు పొద్దున మీ ఊరి చెరువుగట్టు మీద ఆ నడకే కొనసాగించండి.