శాస్త్రవేత్త పావ్లోవ్

పూర్వము మన సీమలో కపిల తోలిన రైతులకు ఒక సంగతి తెలియును. బాన నీరు తొట్టిలో పడిన చప్పుడు వినబడగానే ఎద్దులు ములుకోల తగులకయే వెనుకకు అడుగులు వేసెడివి. ఆ చప్పుడునకు అర్థమును వానికి ఎవరు చెప్పిరి? ఇట్టి ప్రశ్నకై జీవితములో మూడు దశాబ్దములకు పైగా ధారవోసిన మహనీయుడు రష్యా దేశీయుడగు ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్.

ఆయన 1849 సెప్టెంబరు 26వ తేదీన ర్యజాన్ పట్టణమున ఒక క్రైస్తవ పురోహితుని యింట జన్మించెను. బాల్యమున ఎత్తునుండి పడి దెబ్బ తగులుటచే పదునొకండవ యేటివరకు బడికి పోజాలకపోయెను. తండ్రివలె పురోహితుడు కావలెనని మతపాఠశాలలో చేర్చిరి. కాని సెచెనోవ్ అను శాస్త్రజ్ఞుడు మెదడును గూర్చి వ్రాసిన గ్రంథము చదివిన పిమ్మట ఆయన మనస్సు మారెను. 1870లో సెయింట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

1881లో వివాహమాడిన తరువాత చాలకాలము దారిద్ర్యమే. ఆయన కష్టము చూడలేక శిష్యులు ఉపన్యాసముల నెపమున కొంత ధనము కూర్చి యిచ్చిరట. ఆ ధనముతో ఆయన ప్రయోగములకు జంతువులను కొనెను! భార్య సెరాఫీమా ఏమనుకొన్నదో గృహిణులే ఊహింపగలరు.

జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము లభించెను. లోకము మాత్రము ఆయనను మరియొక పనికై తలచుకొనును. ఆహారము నోట పడకముందే, తెచ్చు మనిషి అడుగుల సవ్వడికే కుక్కలకు లాలాజలము ఊరుచుండెను. ఇతరులైనచో దీనిని ప్రయోగమునకు అడ్డంకియని విడిచియుందురు. పావ్లోవ్ దానినే పట్టుకొని బొట్టుబొట్టుగా కొలిచెను. గంట మ్రోగించెనని అందరును చెప్పుదురు గాని ఆయన తరచుగా వాడినది సంగీతజ్ఞులు తాళమునకై ఉంచుకొను మెట్రోనోము. ఆ టిక్కుటిక్కు వినిపించి వెంటనే ఆహారము పెట్టుచుండగా, కొన్ని నాళ్ళకు చప్పుడు ఒక్కటియే చాలెను. దీనికి నిబంధిత ప్రతిచర్య యని పేరు. ఆహారము మానివేసి చప్పుడే పలుమారులు వినిపించినచో లాలాజలము క్రమముగా ఆగిపోవును. కొంత విరామము తరువాత మరల ఊరును. అనగా నేర్చినది చెరిగిపోలేదు, అణగియుండెను.

1914లో ఆయన ప్రయోగశాలలో ఒక కుక్కకు వృత్తమును చూపినపుడు ఆహారము పెట్టి, కోడిగ్రుడ్డు వంటి దీర్ఘవృత్తమును చూపినపుడు పెట్టకుండిరి. అది తేడాను చక్కగా గ్రహించెను. పిమ్మట దీర్ఘవృత్తమును కొంచెము కొంచెముగా గుండ్రముచేయుచు వచ్చిరి. పొడవు వెడల్పులు 9కి 8గా ఉన్నంతకు వచ్చుసరికి, అంతవరకు శాంతముగా నిలిచిన కుక్క మూలుగుచు, పెనుగులాడుచు, పరికరములను కొరుక నారంభించెను. ముందు సులభముగా పోల్చినవానిని సైతము పోల్చలేకపోయెను. బాలునికి అందని లెక్క నిచ్చి బెత్తము పట్టు ఉపాధ్యాయులు ఈ ఘట్టమును తప్పక తెలిసికొనవలెను.

1924 సెప్టెంబరులో నీవా నది పొంగి ప్రయోగశాలలోనికి నీరు వచ్చెను. బోనులలో కుక్కలు ముక్కులు మాత్రము పైకెత్తి ఈదుచుండగా సేవకులు వానిని రక్షించిరి. తరువాత చూడగా కొన్ని కుక్కలు నేర్చినదంతయు కోల్పోయియుండెను. ఓర్పుతో మరల నేర్పిన కొంతకాలమునకు, తలుపు క్రిందనుండి సన్నని నీటిధార పారజేయగా ఒక కుక్క భీతిల్లి పాత స్థితికే వచ్చెను.

భయమును ఇట్లే నేర్పవచ్చునని 1920లో అమెరికాలో వాట్సన్ ఒక పసిబిడ్డపై ప్రయోగించి చూపెను. ఆ భయమును మాన్పకయే బిడ్డను విడిచిరి. అది తగని పని. మేరీ కవర్ జోన్స్ అను విదుషి మాత్రము, కుందేలునకు జడియు ఒక బాలుడు ఇష్టమైన తిండి తినుచుండగా దానిని దినదినము కొంత దగ్గరకు జరుపుచు, 1924 నాటికి ఆ భయమును పోగొట్టెను. బాలుడు కుందేలును నిమిరెను.

పావ్లోవ్ సోవియట్ ప్రభుత్వముచే ఆదరింపబడియు దానికి తల వంచలేదు. పురోహితుల బిడ్డలను సైనిక వైద్య విద్యాలయమునుండి తొలగించినపుడు, తానును పురోహితుని బిడ్డనేయని ఆచార్యపదవిని త్యజించెను. 1935లో తన సంస్థ ఆవరణమున కుక్కకు ఒక స్మారకము కట్టించెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 27న, 86వ యేట, లెనిన్‌గ్రాడులో న్యుమోనియాచే కన్నుమూసెను.