సముద్రాన్ని గాజుపెట్టెలో పెట్టినాయన

మన హాస్టల్లో ఎవరి రూంలో చూసినా గుండ్రటి గాజుబౌల్లో ఒక ఫైటర్ చేప ఉంటుంది. దాన్ని అక్వేరియం అంటాం. ఆ మాటను జనం నోట్లోకి తెచ్చింది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లిష్ ఆయన. డిగ్రీ లేదు, కాలేజీ మెట్లెక్కలేదు. ఆయన జీవితం మనలాంటి వాళ్లు ఒకసారి తెలుసుకోవాలనిపించి రాస్తున్నా.

1810లో ఇంగ్లండులోని వూస్టర్‌లో పుట్టాడు. పెరిగింది పూల్ అనే రేవు ఊళ్లో. నాన్న ఊరూరా తిరిగి చిన్న చిన్న బొమ్మలు గీసి అమ్ముకునే చిత్రకారుడు. ఇంట్లో డబ్బు ఎప్పుడూ కటకటే. కొడుక్కి ఆస్తి ఇవ్వలేకపోయినా, సన్నటి కుంచెతో వెంట్రుకవాసి గీత గీసే విద్య ఇచ్చాడు. మేనత్త సముద్రపు ఒడ్డున రాళ్ల గుంటల్లో ఉండే సీ అనిమోన్లను చూపించింది. చూడ్డానికి పువ్వులా ఉంటుంది, కానీ జంతువు. ఆ రెండూ కలిసి ఏమవుతాయో అప్పుడెవరికీ తెలియదు.

పదిహేడేళ్లకే, 1827లో, న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక వ్యాపారి ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఎనిమిదేళ్లు లెక్కలు రాస్తూ, ఖాళీ దొరికితే పురుగుల్ని చూస్తూ గడిపాడు. తర్వాత కెనడాలో వ్యవసాయం చేశాడు, నష్టపోయాడు. అమెరికాలోని అలబామాలో బడిపంతులుగా చేశాడు, అదీ నిలవలేదు. 1839లో ఇంటికి వచ్చేసరికి చేతిలో మిగిలింది నోట్సులు, బొమ్మలు మాత్రమే. ఆ నోట్సులతోనే మరుసటి ఏడాది మొదటి పుస్తకం వచ్చింది. బ్యాక్‌లాగులున్నాయని దిగులుపడే మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవండి.

1848లో ఎమిలీ బోస్‌ని పెళ్లి చేసుకున్నాడు. మరుసటేడు కొడుకు ఎడ్మండ్ పుట్టాడు. అదే రోజు జమైకా నుంచి ఒక పచ్చటి స్వాలో జాతి పక్షి పార్సిల్లో వచ్చింది. డైరీలో ఈ రెండు సంగతులూ పక్కపక్కనే రాసుకున్నాడట! మనిషి అలాంటివాడు.

అతిగా పనిచేసి 1852లో ఆరోగ్యం పాడైతే, డెవన్ తీరానికి మకాం మార్చాడు. అక్కడే అసలు కథ మొదలైంది. సముద్రపు నీళ్లు సీసాలో పోసి జీవుల్ని వేస్తే ఒకట్రెండు రోజుల్లో నీళ్లు కుళ్లి అన్నీ చచ్చేవి. మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, జంతువులు దాన్ని పీలుస్తాయి, ఈ రెండూ తూకంగా ఉంటే నీళ్లు మార్చకుండానే బతుకుతాయని రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు మంచినీళ్లలో చూపించాడు. గాస్ అదే సూత్రాన్ని సముద్రపు నాచుతో ఉప్పునీళ్లలో పట్టుకున్నాడు. 1853లో లండన్ జూలో మొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచినప్పుడు అందులో ఆయన సేకరించిన జీవులున్నాయి. 1854లో 'ది అక్వేరియం' పుస్తకం వచ్చింది. సముద్రం దూరమైనవాళ్లు మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి ఉప్పునీళ్లు తయారు చేసుకోవచ్చని కూడా ఆయనే చెప్పాడు.

ఈ ఒక్క ముక్కే నన్ను ఆయనకు దగ్గర చేసింది. మాది ఎర్రుపాలెం. ఖమ్మం జిల్లాకు ఆ చివర, రైలెక్కితే విజయవాడ దగ్గర, సముద్రం మాత్రం ఎక్కడో. అలాంటి ఊళ్లో మా బాబాయ్ రెండేళ్ల నుంచి ఉప్పునీళ్ల ట్యాంకు నడుపుతున్నాడు. ఆర్వో నీళ్లలో పాకెట్ ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర నిలిపి, అందులో ఒక ట్యూబ్ అనిమోన్‌ను పెంచుతున్నాడు. సెలవులకు వెళ్తే దాని డ్యూటీ నాదే.

ట్యూబ్ అనిమోన్ అసలు సీ అనిమోన్ కాదు, దూరపు చుట్టం. రాయికి అంటుకునే పాదం దీనికి ఉండదు. ప్రత్యేకమైన కణాల నుంచి దారాల్లాంటివి వదిలి, జిగురుతో, ఇసుకతో తన గొట్టం తనే నేసుకుంటుంది. అందుకే అడుగున కనీసం జానెడు లోతు మెత్తటి ఇసుక ఉండాలి. బయట పొడుగు టెంటకిల్స్ ఒక వరస, నోటి చుట్టూ పొట్టివి ఇంకో వరస. పగలు ముడుచుకుని రాత్రి విచ్చుకుంటుంది. పగడాల్లా ఒంట్లో ఆల్గే ఉండదు కాబట్టి లైటు ఎంత పెట్టినా కడుపు నిండదు. వారానికి రెండు మూడుసార్లు రొయ్య ముక్క అందించాలి. చిన్న చేప తగిలితే కుట్టి తినేస్తుంది. ఎండాకాలంలో కరెంటు పోతే నీళ్లు వేడెక్కకుండా ఇంట్లో అందరం ఫ్యాన్ల కోసం కాదు, దాని కోసం టెన్షన్ పడతాం.

ఈ జాతిలో ఒకదానికి 1859లో శాస్త్రీయంగా పేరు పెట్టింది గాసే. సెరియాంథస్ లాయిడి. లాయిడ్ అంటే లండన్లో సముద్ర జీవుల్ని అమ్మే దుకాణదారు. తర్వాత హాంబర్గ్‌లో, క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద అక్వేరియాలు కట్టాడు. ట్యాంకు కింద చీకట్లో పెద్ద తొట్టి పెట్టి నీళ్లు తిప్పే పద్ధతి ఆయనది. మనం ఇప్పుడు సంప్ అంటున్నది దాని వారసురాలే.

పేరు వచ్చిన రోజుల్లోనే గాస్ ఇల్లు కూలింది. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ క్యాన్సర్‌తో పోయింది. కొడుక్కి ఏడేళ్లు. అదే ఏడాది, భూమి వయసుకూ బైబిల్‌కూ రాజీ కుదర్చాలని 'ఓంఫలోస్' రాశాడు. దేవుడు భూమిని పాతదిలా కనిపించేట్టే సృష్టించాడన్నది వాదన. సైన్సువాళ్లూ ఒప్పుకోలేదు, భక్తులూ ఒప్పుకోలేదు. ఆయన కొడుకుని తీసుకుని డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌కి వెళ్లిపోయి, ఒడ్డున వంగి అనిమోన్లు వెతుక్కుంటూ బ్రిటిష్ అనిమోన్ల మీద తన గొప్ప పుస్తకం రాశాడు. బొమ్మలన్నీ నాన్న నేర్పిన చేత్తోనే.

కానీ పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఆయన పుస్తకాలు చదివి వేలమంది బకెట్లు, ఉలులు పట్టుకుని రైళ్లలో ఒడ్డుకు దిగారు. గాజు మీద పన్ను 1845లోనే పోయింది, ట్యాంకులు చవకయ్యాయి. రాళ్ల గుంటలు ఊడ్చుకుపోయాయి. ఇంటికి తెచ్చినవి చాలావరకు చచ్చాయి. తండ్రి ప్రేమతో రాసిన పుస్తకాలే ఆ తీరాన్ని ఖాళీ చేశాయని, అది తెలిసి ఆయన ఎంతో బాధపడ్డాడని ఎడ్మండ్ 1907లో తన పుస్తకంలో రాశాడు. గాస్ 1888లో చనిపోయాడు.

ఇప్పుడు మా బాబాయ్ ఇంకో రెండు తెప్పిద్దామంటున్నాడు. వీటి ఆయుష్షు మనం అనుకునేంత చిన్నది కాదు. స్కాట్లాండులో 1828లో పట్టిన ఒక సీ అనిమోన్ చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అంటే కొనడం అంటే ఒక బాధ్యతను నెత్తిన పెట్టుకోవడమే. ఉన్నదాన్ని బాగా చూసుకుందాం, కొత్తవి వద్దు బాబాయ్ అని చెప్పేశా. ఆయనింకా సరే అనలేదు. మీరు వైజాగ్ ట్రిప్పుకెళ్తే, రుషికొండ దగ్గర రాళ్ల గుంటల్లో ఏదైనా పువ్వులా విచ్చుకుని కనిపిస్తే, ఫొటో తీసుకుని రండి. దాన్ని మాత్రం అక్కడే ఉండనివ్వండి.