కలుపుమొక్కల్లో శిల్పాలు చూసిన మాస్టారు

వానలు మొదలయ్యాయంటే మన అండమాన్‌లో గోడల పగుళ్లలో, కాలువ గట్ల మీద, చెట్ల మొదళ్ల దగ్గర ఫెర్న్ మొక్కలు మొలుస్తాయి. వాటి లేత చిగురు గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. బస్సు కోసం నిలబడి రోజూ దాని పక్కనే ఎదురుచూస్తాం, కానీ దాన్ని చూడం. అలాంటి చిగురునే దగ్గరగా ఫోటో తీసి, అందులో ఒక శిల్పం దాగి ఉందని లోకానికి చూపించిన మాస్టారు ఒకరు జర్మనీలో ఉండేవారు. ఆయన పేరు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్.

బ్లాస్‌ఫెల్ట్ 1865 జూన్ 13న హార్జ్ కొండల్లోని షీలో అనే పల్లెలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ ఆయనకు చెట్టూ చేమా అంటే ఇష్టం. పదహారేళ్ల వయసులో ఒక ఇనుప పోత కార్ఖానాలో చేరి, శిల్ప నమూనాలు తయారుచేయడం నేర్చుకున్నారు. తర్వాత బెర్లిన్ వెళ్లి కళాపాఠశాలలో చదివారు.

అక్కడ ఆయనకు మోరిట్జ్ మోయిరర్ అనే గురువు దొరికారు. ఇనుప గేటు మీద లత గీయాలన్నా, స్తంభం మీద ఆకు చెక్కాలన్నా ముందు నిజమైన మొక్కను చూసి నేర్చుకోవాలన్నది ఆ గురువు పద్ధతి. 1890 నుంచి సుమారు ఆరేళ్లు బ్లాస్‌ఫెల్ట్ ఆయన బృందంతో ఇటలీ, గ్రీసు, ఉత్తర ఆఫ్రికా తిరిగారు. మొక్కలు సేకరించారు, నమూనాలు చేశారు, ఫోటోలు తీయడం మొదలుపెట్టారు.

1898లో బెర్లిన్‌లోనే ఉపాధ్యాయుడయ్యారు. మొక్కలను చూసి శిల్ప నమూనాలు చేయడం ఆయన బోధించే పాఠం. ఆ పాఠానికి ఒక పెద్ద చిక్కు ఉంది. కోసిన మొక్క గంటలోనే వాడిపోతుంది. పైగా దాని అసలు అందం ఉండేది మొగ్గలో, కణుపులో, కాడ కొసలో. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి అవి కనిపించవు. అందుకే ఆయన ఫోటోలను ఆశ్రయించారు. ఫోటోగ్రఫీలో ఆయనకు ప్రత్యేక శిక్షణేమీ లేదు. కెమెరాను సొంతంగా తయారుచేసుకున్నారు. మొక్క భాగాలను ముప్ఫై రెట్ల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా పెద్దవి చేసి చూపించారు.

ఆయన పూలకొట్టుకు వెళ్లి గులాబీలు కొనలేదు. దారి పక్కన దొరికే మామూలు మొక్కలే తెచ్చుకున్నారు. అడ్డుగా ఉన్న ఆకులను కత్తిరించేవారు. వెనక ఖాళీ అట్ట పెట్టి, మామూలు పగటి వెలుగులోనే ఫోటో తీసేవారు. అవసరమైతే గాజు నెగెటివ్ మీదే చిన్న మచ్చలు సరిదిద్దేవారు. అంతే! ఈక్విసీటం అనే మొక్క కాడ కొస మినారులా కనిపించింది. ఫెర్న్ చిగురు ఫిడేలు మెడ చివరలా, గుమ్మడి నులితీగ ఇనుప గేటు మీది లతలా మారిపోయాయి.

ముప్ఫై ఏళ్లపాటు ఆ ఫోటోలు ఎక్కువగా తరగతి గదికే పరిమితమయ్యాయి. 1926లో కార్ల్ నీరెన్‌డార్ఫ్ అనే ఆయన వాటిని బెర్లిన్‌లోని తన గ్యాలరీలో ప్రదర్శించారు. 1928లో 120 చిత్రాలతో పుస్తకం వచ్చింది. కళకు మూలరూపాలు అని దాని పేరుకు అర్థం. అప్పటికి మాస్టారి వయసు 63 ఏళ్లు. ఆ పుస్తకంతో ఆయన పేరు దేశదేశాలకు పాకింది. 1932లో రెండో పుస్తకం వెలువడింది. అదే ఏడాది డిసెంబరు 9న ఆయన కన్నుమూశారు.

నైరూప్య చిత్రం అంటే ఇది ఫలానా వస్తువు అని చెప్పకుండా గీతలు, ఆకారాలు, వెలుగునీడలతోనే మాట్లాడే చిత్రం. బ్లాస్‌ఫెల్ట్ అలాంటి చిత్రాలు చేయాలనుకోలేదు, విద్యార్థులకు మొక్కను చూపించాలనుకున్నారు. కానీ రంగు, చుట్టూ ఉన్న నేల, అసలు పరిమాణం తీసేసరికి మిగిలింది ఆకారమే. చూసేవాళ్లు ముందు ఆకారాన్ని చూసి ఆశ్చర్యపోయి, తర్వాతే అది మొక్క అని గుర్తుపట్టారు.

ఈ రోజు మనం అదే పని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చేయవచ్చు. ఆయన కత్తెర మనకు క్రాప్. ఆయన ఖాళీ అట్ట మనకు బ్యాక్‌గ్రౌండ్ తీసేసే బటన్. మొగలి ఆకు అంచునో, అత్తిపత్తి కొమ్మనో దగ్గరగా ఫోటో తీయండి. ఒక చిన్న ముక్క మాత్రమే ఉంచండి. రంగు తీసేసి నలుపు తెలుపు చేయండి. కాంట్రాస్ట్ పెంచండి. కావాలంటే అదే ముక్కను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పక్కన జోడించండి. అసలు ఫోటోను మాత్రం చెరపకండి. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే మొక్క కనుమరుగైపోతుంది. ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే దాని రూపం బయటపడుతుంది.

మనలో చాలామంది రెండు మూడేళ్లలో ఈ దీవులు విడిచి వెళ్లిపోతాం. అమ్మకో నాన్నకో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తుంది, సామాను పెట్టెల్లోకి ఎక్కుతుంది. గోడ పగుల్లోని ఫెర్న్ మనతో రాదు. కానీ దాన్ని ఒక్కసారి నిజంగా చూసి ఉంటే, ఆ చూపు మనతో వస్తుంది. కొత్త ఊళ్లో ఎవరినీ ఎరగని మొదటి రోజున కూడా గోడ పక్కన ఏదో ఒక మొక్క ఉంటుంది. మాస్టారు జీవితమంతా చూసినవి అలాంటి మొక్కలనే.