కుటుంబాలకు బాసటగా నిలిచిన రాజమండ్రి ఆడపడుచు – దుర్గాబాయి దేశ్‌ముఖ్

కాపురంలో కలత పుట్టినప్పుడు ఆ ఇంటివారు ఎక్కడికి వెళ్ళాలి? మన డెల్టా గ్రామాలలో చాలాకాలం వరకు, ఇంటి గుట్టు బయటపడకుండా పళ్ళ బిగువున భరించడమే మొదటి మార్గం. అది చేతకాని నాడు పెద్దమనుషుల పంచాయితీ, అక్కడా తేలకపోతే కోర్టు. భార్యాభర్తలను కూర్చోబెట్టి, ఎవరి పక్షమూ వహించక, ఇద్దరి మాటా ఓపికగా వినే చోటు మాత్రం ఉండేది కాదు. అటువంటి చోటు ఉండాలన్న తలంపు మన దేశంలో వేరూనడానికి పాటుపడిన వారిలో ముందుగా చెప్పుకోదగినవారు మన రాజమండ్రిలో పుట్టిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. స్వాతంత్ర్య సమరంలో ఆమె పాత్రను అందరం ఎరుగుదుము. కుటుంబాల కొరకు ఆమె చేసిన సేవ అంతగా ప్రచారంలో లేదు. సంఘ సభ్యులు దానిని తెలిసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదవ ఏటనే జమీందారీ కుటుంబానికి చెందిన సుబ్బారావు గారితో ఆమెకు వివాహం జరిపించారు. బాల్య వివాహ నిరోధక చట్టం 1929లో గాని రాలేదు గనుక ఆనాటికి అది ఎవరికీ తప్పుగా తోచలేదు. పదిహేనేళ్ళ వయస్సు వచ్చి, వివాహమంటే ఏమిటో తెలిసిన తరువాత, ఆ బంధంలో కొనసాగక చదువుకూ దేశసేవకూ అంకితం కావాలని ఆమె నిశ్చయించుకొన్నారు. భర్త వేరొకరిని వివాహమాడడానికి ఆమె అడ్డు చెప్పలేదు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. కూతురు అత్తవారింట లేకపోవడమే తలవంపుగా ఎంచే కాలంలో ఆ పుట్టింటివారు చూపిన గుండె నిబ్బరాన్ని మరువరాదు. వారు తలుపు మూసి ఉంటే ఈ చరిత్ర లేదు.

పరుల బాధను తన బాధగా ఎంచే గుణం ఆమెకు పిన్నతనం నుండే ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీ మహాత్ముడు కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. సభలకు రాలేని దేవదాసీలకు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలకు ఆయనను చూపించాలని పట్టుబట్టారు. అందుకు 5,000 రూపాయల నిధి ఇవ్వాలని నిర్వాహకులు షరతు పెడితే, ఆ స్త్రీలే ఆ మొత్తాన్ని కూడబెట్టారు. సభలో తమ నగలు సైతం తీసి ఇచ్చారు. గౌరవంగా పిలిస్తే, సమాజం వెలివేసిన వారు కూడ ఎంత ఉదారంగా స్పందిస్తారో ఆ బాలిక ఆనాడే కన్నులార చూచింది.

ఉప్పు సత్యాగ్రహం నాటి నుండి మూడు పర్యాయములు కారాగార శిక్ష అనుభవించారు. జైలులో ఆమెను కలచివేసినది తన కష్టం కాదు. తమపై మోపిన నేరమేమిటో, తమకు శిక్ష ఎందుకు పడిందో తెలియని పేద స్త్రీలు ఎందరో అక్కడ ఆమెకు కనిపించారు. చట్టం తెలిసిన స్త్రీ ఒకరైనా వారి పక్కన ఉండాలని ఆమెకు తోచింది. ఆగిపోయిన చదువును తిరిగి అందుకొని, కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టం, 1942 నాటికి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టం సాధించి, మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నిలిచారు.

ఈ మధ్యకాలంలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళాసభ వెలసింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచడం, చేతిపని నేర్పడం, నిలువ నీడ లేనివారికి ఆశ్రయమివ్వడం దాని పనులు. వంటకే పరిమితమైన చేతులకు సంపాదించే విద్య నేర్పితే ఆ ఇల్లాలి మాటకు ఇంట్లో విలువ పెరుగుతుందని దుర్గాబాయి గారు గ్రహించారు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 1941లో సుబ్బారావు గారు మరణించారు. ఆయన రెండవ భార్య బంధువుల మధ్య దిక్కులేనిదై కష్టాలపాలయ్యారు. ఆమెను చేరదీసి, ఆశ్రయమిచ్చి, వృత్తివిద్య నేర్పించి, తన కాళ్ళపై తాను నిలబడేలా చేసినవారు మరెవరో కాదు, దుర్గాబాయి గారే. లోకం దృష్టిలో వారిద్దరూ సవతులు. ఆ మాటకు మన భాషలో ఉన్న చేదు అందరికీ తెలుసు. ఆమె మాత్రం తనవలె, తన ఎంపిక లేకుండానే చిక్కులలో పడిన మరొక స్త్రీని అక్కడ చూచారు. మహిళాసభ ఆశయాలన్నీ ఆ ఒక్క కార్యంలో ఇమిడి ఉన్నాయని చెప్పవచ్చు.

స్వాతంత్ర్యానంతరం ఆమె రాజ్యాంగ సభలోను, తరువాత ప్రణాళికా సంఘంలోను సభ్యురాలుగా పనిచేశారు. 1953లో శ్రీ సి.డి. దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. ఆ సంవత్సరమే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా, దానికి ప్రథమ అధ్యక్షురాలయ్యారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సేవాసంస్థల సహాయార్థం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ప్రభుత్వోద్యోగి వెళ్ళలేని ఇంటి గడపలోనికి, ఆ ఊరి సేవాసంస్థ మనిషి వెళ్ళగలదని ఆమె నమ్మకం. అందుచేత ధనం ప్రభుత్వానిది, ఆదరణ స్థానిక సంస్థలది అనే పద్ధతి నెలకొన్నది.

1950వ దశకం మొదట్లో చైనా వెళ్ళినప్పుడు అక్కడ కుటుంబ తగవులకు వేరుగా న్యాయస్థానాలు ఉండడం ఆమె పరిశీలించారు. తిరిగి వచ్చి, మన దేశంలోను అటువంటివి కావాలని ప్రధాని నెహ్రూ గారితోను, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్ర గడ్కర్ గారలతోను చర్చించారు. పొలం గట్టు తగాదాను విచారించినట్లే ఆలుమగల తగాదాను విచారిస్తే గెలిచినవారు, ఓడినవారు మిగులుతారు గాని సంసారం మిగలదు. పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. ఆమె నాటిన ఆ తలంపు ఫలించడానికి ముప్పై ఏండ్లు పట్టింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం న్యాయమూర్తి తీర్పుకు ముందుగా రాజీకి ప్రయత్నించాలి. సలహాదారులను నియమించే ఏర్పాటు కూడ అందులో ఉంది. న్యాయవాదిని పెట్టుకొనుట అక్కడ హక్కు కాదు, కోర్టు అవసరమనుకొంటే అనుమతిస్తుంది. ఆ దశకంలోనే సాంఘిక సంక్షేమ బోర్డు సహాయంతో కుటుంబ సలహా కేంద్రాలు స్వచ్ఛంద సంస్థల ఆధ్వర్యంలో ఆరంభమయ్యాయి. ఇవేవీ ఆమె కన్నులతో చూడలేదు. 1975లో పద్మవిభూషణ్ గౌరవం పొందిన ఆమె, 1981 మే 9న శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో కన్నుమూశారు.

ఈ జీవితం నుండి మనం నేర్చుకొనవలసినది ఏమిటి? కుటుంబ సలహా అంటే ఎలాగైనా సర్ది చెప్పి అమ్మాయిని తిరిగి అత్తవారింటికి పంపించడమే అని మనలో పలువురి అభిప్రాయం. సంఘ పెద్దలమైన మనం కూడ పలుమార్లు ఆ తొందరలో పడుతుంటాము. ఇల్లు నిలబడిందన్న తృప్తి మనకు, ఇంట్లోని దెబ్బలు ఆమెకు. దుర్గాబాయి గారి చరిత్ర వేరొక పాఠం నేర్పుతున్నది. కుటుంబ న్యాయస్థానాలు కావాలని కోరిన ఈమె తన మొదటి కాపురానికి తిరిగి వెళ్ళినవారు కారు. ఆమె కోరినది ఎవరినీ బలవంతంగా కలపడం కాదు, ముందు వినడం. కలవగలిగినవారు మనస్పూర్తిగా కలవాలి. కలవలేనివారు పగ లేకుండా విడిపోవాలి. పిల్లలు వీధిన పడకూడదు. హింస ఉన్నచోట రాజీకంటే ముందు రక్షణ కావాలి. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ఉద్దేశమూ ఇదే.

మన గ్రామాలలో ఆడపిల్ల పుట్టింటికి వచ్చి గడపలో నిలబడినప్పుడు, ఎందుకు వచ్చావని అడగడానికి ముందు లోనికి పిలిచి అన్నం పెట్టే ఇండ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు ఆలోచించుకొనుట మంచిది. రామారావు గారి ఇంట ఆ తలుపు తెరచి ఉన్నందువల్లనే, తరువాతి కాలంలో వేలాది స్త్రీలకు మహిళాసభ తలుపులు తెరచుకొన్నాయి.