క్షతగాత్రుల సారథి మేజర్ ఛార్లెస్ కెల్లీ

సాహసానికి మరో పేరు దుందుడుకుతనమని లోకం తరచు భ్రమిస్తుంది. శత్రువుల తుపాకులకు అందేంత తక్కువ ఎత్తున ఎగిరి, కాల్పుల నడుమ నేలకు దిగవలసిన సైనిక హెలికాప్టరు చోదకుల విషయంలో ఈ భ్రమ మరీ అధికం. ప్రమాదమంటే ఉవ్విళ్ళూరేవారే ఆ వృత్తిని వరిస్తారని చాలామంది అభిప్రాయం. మేజర్ ఛార్లెస్ కెల్లీ జీవితం ఆ అభిప్రాయాన్ని పునరాలోచించేలా చేస్తుంది.

ఆయన 1925లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జన్మించాడు. రెండవ ప్రపంచ సంగ్రామంలో పదాతి సైనికుడుగా పోరాడి గాయపడ్డాడు. క్షతగాత్రుని వేదన ఆయనకు స్వానుభవమే. తరువాతి కాలంలో సైనిక వైద్య సేవాశాఖలో అధికారియై, హెలికాప్టరు నడపడం నేర్చాడు.

1964 జనవరిలో దక్షిణ వియత్నాంలో 57వ వైద్య హెలికాప్టరు దళానికి అధిపతి అయ్యాడు. దళానికి ఉన్నవి ఐదే హెలికాప్టర్లు. వాటిని ఇతర సైనిక కార్యాలకు మళ్ళించాలని పైనుండి ఒత్తిడి వచ్చింది. కెల్లీ తలవంచలేదు. ఆ మార్చిలో రెండు హెలికాప్టర్లను మెకాంగ్ డెల్టాలోని సోక్ ట్రాంగ్‌కు తరలించాడు. రాత్రివేళ స్థావరం నుండి స్థావరానికి ఎగురుతూ, గాయపడినవారెవరైనా ఉన్నారా అని రేడియోలో విచారించేవాడు. పిలుపు కోసం వేచి ఉండక, తానే ఆపన్నులను వెదకుతూ వెళ్ళేవాడు.

కొందరి కంటికి ఇది వెర్రి సాహసంగా తోచింది. కాని ఆ సంచారం వినోదయాత్ర కాదు. దానికి నిర్ణీతమైన మార్గమూ, స్పష్టమైన ప్రయోజనమూ ఉన్నాయి.

1964 జూలై 1న విన్ లాంగ్ సమీపంలో క్షతగాత్రుల కోసం దిగాడు. కాల్పులు తీవ్రమై, వెళ్ళిపొమ్మని నేలమీది సైనికులు హెచ్చరించారు. గాయపడినవారు ఎక్కనిదే కదలనని ఆయన తెలియజేశాడు. తెరచిన తలుపుగుండా దూసుకువచ్చిన తూటా ఆయన గుండెను చీల్చింది. హెలికాప్టరు కూలిపోయింది. తోటివారు ప్రాణాలతో బయటపడ్డారు. నాయకుని పట్టుదలలోని ప్రమాదాన్ని వారు కూడా పంచుకున్నారన్న సత్యాన్ని మనం విస్మరించరాదు.

మరణానంతరం ఆయనకు విశిష్ట సేవా క్రాస్ పతకం లభించింది. దళం చెదరలేదు. 1973 నాటికి వియత్నాంలో వైద్య హెలికాప్టర్లు తరలించిన రోగులు, క్షతగాత్రులు ఎనిమిది లక్షలకు పైబడ్డారు.

ప్రమాదాన్ని ప్రేమించడం సులభం. పరుల ప్రాణం కోసం దానిని భరించడం కష్టం. వెలుపలికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. సాహసం ఎవరికోసమని ప్రశ్నించినప్పుడే వాటి అంతరం బోధపడుతుంది.