విహంగవేత్త సాలిం అలీ

విజయదశమినాడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందలి పల్లెజనులు ఊరిబయటకు పోయి జమ్మికి మ్రొక్కి, పాలపిట్ట కంటబడునేమోయని చెలకలవైపు చూచుట పెద్దల నాటి ఆచారము. వానలు వెనుకబట్టిన ఆ దినములలో ఆ నీలిరెక్కలు విప్పారినచో కనులకు పండుగయే. ఇటీవల కొందరు ఆ పక్షిని పట్టి, పంజరమున బంధించి, రూకలు పుచ్చుకొని చూపుచున్నారు. వెదకి చూచుటలోని ఆనందము అందుండునా? ఏటికొకనాడు మనము చేయు ఆ వెదకులాటను జీవితమంతయు చేసినవారు డాక్టరు సాలిం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీగారి యింట పెరిగిరి. బాల్యమున గాలితుపాకితో నొక పిచ్చుకను కొట్టగా, దాని కంఠమున పసుపుమచ్చ కానవచ్చెను. అదేమి పిట్టయో మేనమామకును తెలియలేదు. ఆయన వ్రాసియిచ్చిన ఉత్తరముతో బాలుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. కార్యదర్శి మిల్లర్డు దొర పిట్టపేరు చెప్పి, సంఘమువారు భద్రపరచిన పక్షులనన్నిటిని ఓపికతో చూపెను.

కొలువుల విషయమున ఆయనకు అదృష్టము తక్కువ. బర్మాలో కుటుంబ వ్యాపారము కలిసిరాలేదు. బెర్లినులో స్ట్రేసెమన్ పండితునికడ శిక్షణ పొంది 1930లో మరలివచ్చుసరికి, బొంబాయి మ్యూజియములోని ఉద్యోగము ధనాభావముచే రద్దయియుండెను. భార్య తహమీనాతో సముద్రతీరమునగల కిహీం గ్రామము చేరి, అచ్చట గిజిగాడి గూళ్లను నెలలతరబడి పరిశీలించిరి. మగపక్షి గూడు సగమల్లగనే ఆడుపక్షి వచ్చి పరీక్షించును, నచ్చినచో స్వీకరించును. మగపక్షి ఆ గూడు ముగించి వేరొక గూటికి, వేరొక యిల్లాలికి సిద్ధపడును! మన బావులపై వ్రేలాడు గూళ్ల గుట్టును ఇంత శ్రద్ధతో గమనించి వ్రాసినవారు అంతకుముందు అరుదు.

పిదప ఆయన జీతమక్కరలేదనియు, బస, ప్రయాణముల వ్యయము భరించిన చాలుననియు సంస్థానములకు తెలిపిరి. నిజాం ప్రభుత్వము సమ్మతించెను. 1931-32లో హైదరాబాదు రాజ్యమున పక్షుల సర్వే జరిగెను. మన మూడు జిల్లాల నేల నాడు ఆ రాజ్యములోనిదే. నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాదు అడవులందును ఆయన విడిసిరి. తహమీనా ఆ గుడారపు బ్రతుకున తోడుగానుండెను. అప్పటి సర్వే తుపాకి లేక సాగునది కాదు. కొట్టిన పక్షుల చర్మములను విజ్ఞుడైన విస్లర్ దొర పరిశీలించెను. ఫలితములు 1933, 1934 సంవత్సరములలో సంఘపత్రికయందు వెలువడెను. ఆయన మనసు మాత్రము చచ్చిన పిట్టకంటె బ్రతికిన పిట్ట నడవడిమీదనే నిలిచెను.

1939లో శస్త్రచికిత్సానంతరము తహమీనా మరణించెను. ఆ దుఃఖమునుండి తేరుకొని 1941లో సామాన్యులకుపకరించు భారతీయ పక్షుల గ్రంథమును ప్రకటించిరి. రిప్లే పండితునితో కూర్చిన పది సంపుటముల మహాగ్రంథము 1968-74 నడుమ వచ్చెను. 1976లో పద్మవిభూషణ్ లభించెను. 1985లో రాజ్యసభకు నామినేటయిరి. ఆ యేటనే వెలువడిన స్వీయచరిత్రకు చిన్ననాడు తాను కొట్టిన ఆ పిచ్చుక పేరనే శీర్షిక పెట్టుకొనిరి. 1987 జూన్ 20వ తేదీన బొంబాయిలో కన్నుమూసిరి.